వానలు పట్టుకుంటే గుర్రానికి ట్రైనింగ్ ఎలా నడిపిస్తున్నారు?

మొయినాబాద్_సవారీ:
మాది రేసుల నుంచి దిగిన థరోబ్రెడ్ ఆడగుర్రం, ఏడేళ్లది. మార్చి నుంచి నిదానంగా నడవడం, పగ్గం గుంజకుండానే ఆగడం నేర్పుతున్నాను. (రేసు గుర్రానికి ఆగడం నేర్పడమంటే ఏంటో చేసినవాళ్లకే తెలుసు.) ఇప్పుడు పదకొండు రోజులుగా ఒకటే ముసురు. మాది నల్లరేగడి, పైకప్పున్న మైదానం లేదు. మొన్న ముందుకాలి లాడం ఊడి బురదలోనే ఉండిపోయింది. నిన్న కాస్త తెరిపిచ్చిందని జీను వేసి ఎక్కితే, రెండో రౌండులోనే ఎగిరి నన్ను కింద పడేసింది. దెబ్బలేం లేవు, పరువే పోయింది. నాలుగు నెలల కష్టం బురదపాలేనా?

లాయం_పాతకాపు:
దాణా ఎంత పెడుతున్నారమ్మా? ముందు అది చెప్పండి.

మొయినాబాద్_సవారీ:
ఎప్పటిలాగే బాబాయ్. పూటకు రెండు కిలోల ఓట్స్, సాయంత్రం ఉడకబెట్టిన ఉలవలు.

లాయం_పాతకాపు:
అదీ సంగతి. పని లేకుండా కట్టేసి ఉలవలు పెడితే ఎగరక ఏం చేస్తుంది? పడేయడంతో సరిపోయింది, సంతోషించండి. పాతరోజుల్లో బండి గుర్రాలకు ఆదివారం సెలవిచ్చి దాణా మాత్రం తగ్గించేవాళ్లు కాదు. సోమవారం బండి కట్టగానే నడుమూ తొడలూ బిగుసుకుపోయి గుర్రం కదిలేది కాదు. మూత్రం కాఫీ రంగులో వచ్చేది. ఇప్పుడు దాన్ని టైయింగ్ అప్ అంటున్నారు. అలా కనిపిస్తే నడిపించకూడదు, వెంటనే డాక్టర్‌ని పిలవాలి. పని ఆగిన రోజే ఓట్స్, ఉలవలు బాగా తగ్గించేయండి. గడ్డి మాత్రం తగ్గించొద్దు, కడుపు ఖాళీగా ఉంటే శూల పట్టుకుంటుంది.

విశాఖ_గిట్టలు:
ఎక్కడం ఒక్కటే ట్రైనింగ్ కాదండీ. పోయిన వానాకాలం నేను మూడు వారాలు జీను ముట్టుకోలేదు. రేకుల షెడ్డులోనే తాడు పట్టుకుని పాఠాలు: రెండడుగులు వెనక్కి, వేలితో తాకితే వెనక భాగం పక్కకి, మెడ మీద చెయ్యి వేస్తే తల కిందికి. రోజుకి పావుగంట, అంతే. గంట చేస్తే దానికీ విసుగే, మనకీ విసుగే. రేకుల మీద వాన చప్పుడుకి మావాడు మొదట్లో వణికిపోయేవాడు. ఆ చప్పుడులోనే గొడుగు తెరిచి మూసి, నీలం టార్పాలిన్ మీద నడిపించి అలవాటు చేశాను. ఎండాకాలంలో ఆ పాఠం దొరకదు కదా!

ఇంకోటి, రోజూ గిట్టలు ఎత్తి శుభ్రం చేసి వాసన చూడండి. అడుగున మెత్తటి భాగం పక్క గాడిలో నల్లటి జిగురూ కుళ్లు కంపూ ఉంటే థ్రష్ (గిట్ట కుళ్లు) మొదలైనట్టే. పడక పొడిగా లేకపోతే ఏ మందూ నిలవదు.

తాండూరు_కుర్రోడు:
ఇంత అవసరమా అన్నా? హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో జులై నుంచి అక్టోబర్ దాకా వానల్లోనే రేసులు నడుస్తాయి. నేనైతే ముసురులోనూ తారు రోడ్డు మీద ట్రాట్ (చిన్న పరుగు) చేయిస్తాను.

లాయం_పాతకాపు:
అక్కడి ట్రాకూ మన రేగడీ ఒకటేనా బాబూ? తడి తారు మీద ఇనుప లాడం సబ్బు మీద కాలేసినట్టే. మొరం బాట ఉంటే చేత్తో పట్టుకుని నడిపించు, అరగంట చాలు.

డాలస్_నుంచి:
మా బార్న్‌లో ఇసుక మైదానం ఉంది కాబట్టి వాన పెద్ద సమస్య కాదు, ఉరుములతోనే టెన్షన్. ఉరుము వినపడగానే దిగి లోపలికి పోతాం. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగితేగానీ బయటికి రానివ్వరు. మొదట్లో చిరాకేసేది, ఇప్పుడు ఆ అరగంట జీను తుడుచుకోడానికి సరిపోతోంది. మీ దగ్గర వానల్లో తోలుకి బూజు ఇంకా తొందరగా పడుతుంది, చూసుకోండి.

విశాఖ_గిట్టలు:
వానలు తగ్గాక జోరీగలు కూడా! వాటి కాటుతో సర్రా అనే రక్తపు జబ్బు వస్తుంది. జ్వరం వచ్చి పోతూ, కాళ్లూ పొట్ట కిందా నీరు చేరి, గుర్రం చిక్కిపోతుంటే బద్ధకం అనుకుని పని పెంచకండి, రక్తపరీక్ష చేయించండి. నేను ఆ తప్పు చేశాను, పది రోజులు పోగొట్టుకున్నాను.

మొయినాబాద్_సవారీ:
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. దాణా తగ్గించాక మనిషి మాట వింటోంది. టార్పాలిన్ మీద మొదటి రోజు మూతి పెట్టి పారిపోయింది, నాలుగో రోజు నాలుగు కాళ్లూ పెట్టి నిలబడింది. ఈ ఉదయం ఇరవై నిమిషాలు నడక మాత్రమే ఎక్కాను. ఊపిరి వదిలి నడుము బిగించగానే ఆగింది, పగ్గం ముట్టుకోలేదు! వారం దాకా కాంటర్ (దౌడు) జోలికి పోను.

పోయిన లాడం కూడా దొరికింది. మా వాచ్‌మన్ కడిగి తన గది గడపకి కొట్టేసుకున్నాడు. ఆదివారం లాడాలు కొట్టే ఆయన వస్తాడు, పాతదే వేస్తే డబ్బులు మిగులుతాయన్నాను. వాచ్‌మన్ ఇవ్వనంటున్నాడు.