అలెగెనీ ఇంజను పెద్దదా, బిగ్ బాయ్ పెద్దదా?

పొగబండి: అమెరికా ఆవిరి ఇంజన్లలో ఏది పెద్దదంటే అందరూ యూనియన్ పసిఫిక్ రైల్వే వాళ్ల బిగ్ బాయ్ అనే అంటారు. యుద్ధకాలంలో చెసపీక్ అండ్ ఒహాయో రైల్వేకి లైమా కంపెనీ కట్టిన అలెగెనీని ఎవరూ తలవరు. మొదటిది 1941 డిసెంబర్‌లో వచ్చింది. ఇంజను ఒక్కటే 7,70,000 పౌండ్లు దాటింది. 1941 బిగ్ బాయ్ 7,62,000. ఇంకేం వాదన?

ఘాట్‌సెక్షన్: టెండర్‌తో కలిపి తూచండి. అప్పుడు చెప్పండి ఏది బరువో.

పొగబండి: టెండర్ అంటే బొగ్గూ నీళ్లూ. లాగేది ఇంజను. పరీక్షలో 7,498 హార్స్‌పవర్ చూపించింది.

డెట్రాయిట్ తెలుగు: డియర్‌బోర్న్ మ్యూజియంలో 1601 నంబర్ అలెగెనీని చూశాను. పెద్ద చక్రం నా తలెత్తు ఉంది.

లారీ బాబాయ్: తూకం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మొదట లైమా చెప్పింది 7,24,500 కదా? అక్కడ డ్రైవర్లకీ ఫైర్‌మన్లకీ జీతం చక్రాల మీద పడే బరువును బట్టి ఇచ్చేవారు. బరువు తగ్గించి రాస్తే కూలి తగ్గినట్టే. నేను లారీ తోలిన రోజుల్లో బిల్టీలో 10 టన్నులు, బండిలో 14. ఘాట్ దిగుతుంటే బ్రేక్ లైనర్లు మాడిన వాసన క్యాబిన్‌లోకి కొట్టేది. కాటా దగ్గర పట్టుబడితే ఫైన్ నా జీతంలో కోశారు.

ఘాట్‌సెక్షన్: బాబాయ్, టాపిక్ ఇంజను. ఆ అలెగెనీ అసలు పనికొచ్చిందా?

పొగబండి: పనికిరానిదైతే 60 కొంటారా?

ఘాట్‌సెక్షన్: 67 అంగుళాల చక్రాలతో జోరుగా పరిగెత్తాల్సిన ఇంజన్ని, అలెగెనీ కొండల్లో హింటన్ నుంచి క్లిఫ్టన్ ఫోర్జ్ వైపు బొగ్గు బండికి ముందొకటి వెనకొకటి కట్టి నడక నడిపించారు. దాన్ని వాడుకోవడం అంటారా?

పొగబండి: రెండు కలిసి 11,500 టన్నులు కొండ ఎక్కించాయి! ఇంట్లో కూర్చుని నడక అనడం తేలికే!

లారీ బాబాయ్: ఎక్కించింది ఇంజను ఒక్కటేనా? లోపల మనుషులు లేరా? మీ ఇద్దరూ అది ఎంత లాగిందో కొలుస్తున్నారు. నడిపినవాడికి ఏ కాటా చీటీ చూపించారని నేను అడుగుతున్నా. నాకు పెద్దదీ చిన్నదీ అక్కడే తేలుతుంది.

పొగబండి: మీరు చెప్పింది నిజమే. కానీ 7,70,000 నిఖార్సైన తూకం, ఆ మాట వెనక్కి తీసుకోను.

ఘాట్‌సెక్షన్: టెండర్ లేకుండా అది పది మైళ్లు పోదు. ముందది ఒప్పుకోండి.