ప్రసూతి వార్డులో స్లాబు పెచ్చులు ఊడి పడుతున్నాయి, ఎవరికి చెప్పాలి?

మల్లెపందిరి:
మా చెల్లికి సిజేరియన్ అయి మూడు రోజులైంది. మా దగ్గరి ఏరియా ఆసుపత్రిలోనే చేయించాం. డాక్టరమ్మ, సిస్టర్లు బాగా చూసుకున్నారు, వాళ్లను ఒక్క మాట అనను. నా బాధంతా ఆ బిల్డింగ్ గురించే.

మొన్న రాత్రి వాన పడి మంచం పక్కనే ధారగా కారింది. నేనూ ఆయమ్మా కలిసి మంచం లాగుతుంటే కుట్లు కదిలి చెల్లి కేక పెట్టింది. తెల్లారి చూస్తే ఆ మంచం ఉన్నచోట అరచేయంత పెచ్చు పడి ఉంది. రోజూ పాపను పడుకోబెట్టేది ఆ వైపే.

ఇంకోటి. బాత్రూం తలుపుకి గడియ లేదు, నేలంతా పాకుడు. నేను బయట తలుపు పట్టుకుని నిలబడాలి. అందుకని చీకటి పడితే చెల్లి నీళ్లు ముట్టడం మానేసింది. అడిగితే "రాత్రి నిన్ను లేపాలి కదక్కా" అంటుంది.

సూపరింటెండెంట్ గారిని కలిశాను. రిపేర్లకి ఎస్టిమేట్ పంపాం, ఫండ్స్ రాలేదన్నారు. ఇంకెవరిని అడగాలి?

రిటైర్డ్ సిస్టర్:
అమ్మా, ముందు చెల్లితో నీళ్లు తాగించు. ఆపరేషన్‌కి మూత్రం గొట్టం వేసి తీసి ఉంటారు. ఆ తర్వాత నీళ్లు తాగకుండా మూత్రం ఆపుకుంటే ఇన్ఫెక్షన్ వస్తుంది. మంట, చలిజ్వరం ఉంటే వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పు. నేను పనిచేసిన చోటా ఇంతే, వానాకాలం వస్తే డ్యూటీ ఎక్కగానే ముందు బకెట్లు సర్దుకునేవాళ్లం.

సైట్ ఇంజినీర్:
స్లాబు మీద నిలిచిన నీళ్లు లోపలికి దిగితే చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కింది కాంక్రీటుని తోసేస్తుంది. పైన లీకేజీ ఆపకుండా కింద సిమెంటు పూస్తే మళ్లీ రాలుతుంది. ఆ వరస మంచాలు ఖాళీ చేయించమని ఇవాళే రాసివ్వండి.

మీది తెలంగాణ అయితే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి, రసీదు తీసుకోండి. 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద కూడా అడగండి: ఎస్టిమేట్ ఏ తేదీన, ఎవరికి పంపారు, ఎంతకి, ఇప్పుడు ఫైలు ఎవరి దగ్గరుంది, ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ ఖాతాలో ఎంతుంది. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఉస్మానియానే చూడండి. 2020 జులైలో వార్డుల్లోకి వాననీళ్లొచ్చి పాత భవనం మూసేశారు. గోషామహల్‌లో కొత్తదానికి శంకుస్థాపన జరిగింది 2025 జనవరిలో. అంత పేరున్న ఆసుపత్రికే ఇన్నేళ్లు పట్టింది. మీ ఊరి ఫైలు వెంటపడి అడిగేవాళ్లు లేకపోతే కదలదు.

మల్లెపందిరి:
సిస్టర్ గారూ, మీ మాట చదివి వినిపించాను, చెల్లి రాత్రి రెండు గ్లాసులు తాగింది. గడియ మా ఆయనే కొనుక్కొచ్చి బిగించారు. మంచాలు అవతలి వరసకి మార్చారు. సోమవారం వెళ్తున్నాం. ఫోటోలు ప్రింట్ తీయించాను, పక్క మంచం అమ్మాయి వాళ్లత్త కూడా వస్తానంది.