లైటు తీసెయ్యి, టీవీ కట్టెయ్యి: ఇంట్లో మెషీన్లకు మనం వాడే క్రియలు

ప్రశ్న:
మా పాప మూడో తరగతి. తెలుగు నోట్సులో "అమ్మ లైటు తీసేసింది" అని రాస్తే టీచరుగారు కొట్టేసి "అమ్మ దీపమును ఆర్పివేసెను" అని దిద్దారు. తీసేసింది అంటే గోడ నుంచి ఊడదీసిందని అర్థం వస్తుందట. ఇంట్లో అందరం అలాగే అంటాం. నిజంగా తప్పేనా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

జవాబు:
తప్పు కాదమ్మా. పాప రాసిందే మంచి తెలుగు.

ఫ్యాను, లైటు, గీజరు, ఏసీ, మోటారు, వీటన్నిటినీ మనం వేస్తాం. ఆపాల్సి వస్తే తీసేస్తాం, లేదా ఆపేస్తాం, కట్టేస్తాం. ఈ వేయడం, తీయడం అనే జోడీ కరెంటుతో పాటు వచ్చింది కాదు. తలుపు వేస్తాం, తీస్తాం. గడియ, తాళం, గొళ్ళెం అన్నీ అంతే. చేత్తో కదిపి ఒక స్థితిలోంచి ఇంకో స్థితిలోకి తెచ్చే పనికి మన దగ్గర ఈ మాటలు ముందే ఉన్నాయి. స్విచ్చు వచ్చాక దానికీ అవే సరిపోయాయి. పైగా మన దేశంలో స్విచ్చు కిందికి నొక్కితేనే వెలుగుతుంది. పాత ఇళ్ళలో చెక్క బోర్డు మీద గుండ్రటి నల్ల స్విచ్చులు ఉండేవి. మధ్యలో ఉన్న బొడిపెను వేలితో టక్కున కిందికి వేసేవాళ్ళం. ఆ చేతి విసురే మాటలోకి వచ్చిందని నా నమ్మకం.

ఇంకో సంగతి చూడండి. తలుపు వేస్తే దారి మూసుకుంటుంది, లైటు వేస్తే మాత్రం వెలుగు వస్తుంది. వ్యతిరేకంగా ఉన్నట్టుంది కదా! కానీ ఫిజిక్సు ప్రకారం సర్క్యూట్, అంటే కరెంటు తిరిగే దారి, ఎక్కడా తెగకుండా మూసుకుంటేనే కరెంటు పారుతుంది, తెరుచుకుంటే ఆగిపోతుంది. ఏ సైన్సు పుస్తకమూ చదవని మా మేనత్త "లైటు వెయ్యరా" అన్న ప్రతిసారీ సరైన మాటే అంది.

ఇక ఆర్పడం గురించి. చాలా ఇళ్ళలో దీపం విషయంలో ఆ మాటే నోట రానిచ్చేవారు కాదు. "దీపం కొండెక్కింది" అనేవారు, "ఘనమైంది" అనేవారు. ఆరిపోయింది అంటే అశుభం. అలాంటి ఇళ్ళలోకి బల్బు వచ్చింది. సాయంత్రం లైటు వేయగానే దండం పెట్టుకునే అమ్మమ్మలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకి "లైటు ఆర్పు" కన్నా "లైటు తీసెయ్యి" అనడమే మనసుకు హాయి. లైటు ఆర్పమనేవాళ్ళూ బోలెడంత మంది ఉన్నారు, అదీ తప్పు కాదు. కానీ ఒకదాన్ని కొట్టేసి రెండోది రాయించడం మాత్రం అన్యాయం.

టీవీ, రేడియో దగ్గర మాట మారుతుంది. "వార్తలు పెట్టు", "పాటలు పెట్టు", "క్రికెట్ పెట్టు" అంటాం. అక్కడ మనకు కావలసింది పెట్టె వెలగడం కాదు, అందులో ఏం వస్తుందన్నది. ఏదో ఒకటి ఎంచుకుని పెట్టాలి. ఆపాల్సి వస్తే "టీవీ కట్టెయ్యి". ఈ కట్టడం కాలవకు అడ్డకట్ట వేయడం లాంటిదే. నీళ్ళు, గ్యాసు, చప్పుడు, ఇలా పారుతూ ఉండేవాటిని కట్టేస్తాం. కుళాయి కట్టెయ్యి, స్టవ్వు కట్టెయ్యి, రేడియో కట్టెయ్యి.

నల్గొండ నుంచి ఒకరు:
మా దిక్కు "లైటు బంద్ చెయ్యి", "నల్లా బంద్ చెయ్యి" అంటరు సార్. అది తెలుగు కాదని మమ్మల్ని హాస్టల్ల చాన ఎక్కిరించిన్రు. మరి మా నాయనమ్మ మాత్రం "దీపం మలుపు" అంటది, పొయ్యి గూడ మలుపుమంటది. గిది ఏ భాష?

జవాబు:
నాయనమ్మగారిది అచ్చమైన తెలుగు. దీపం ఆరిపోవడాన్ని మలగడం అంటారు, ఆర్పడం మలపడం. పాత నిఘంటువుల్లో ఉంది. కోస్తా ఇళ్ళలో వినపడని ఆ మాట మీ ఇంట్లో బతికి ఉంది. ఆవిడ దగ్గర ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో రాసి పెట్టుకోండి, ఆలస్యం చేయకండి.

బంద్ పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. దానికి అసలు అర్థం కట్టడం, బంధించడం. అంటే విజయవాడలో "టీవీ కట్టెయ్యి" అన్నా, నల్గొండలో "టీవీ బంద్ చెయ్యి" అన్నా లోపల ఉన్న ఊహ ఒక్కటే. వెక్కిరించినవాళ్ళకి ఈ ముక్క తెలియదు.

ఒక రైతు:
మా బావి దగ్గర మోటారు వేస్తాం, బోరు పోస్తుంది. కరెంటు విషయంలో రెండు మాటలుంటాయి, గమనించారా? "కరెంటు పోయింది" అంటే ఎక్కడో తీగ తెగిందో, ఫ్యూజు ఎగిరిందో. "కరెంటు తీశారు" అంటే కోత. మా నాన్న ఫీడరు టైము (పొలాల లైనుకు కరెంటు వదిలే వేళ) ప్రకారం రాత్రి ఒంటి గంటకి లేచి టార్చిలైటు పట్టుకుని పొలానికి పోయేవాడు. తర్వాత ఆటో స్టార్టరు వచ్చింది. కరెంటు రాగానే మోటారు దానంతటదే పడేది, ఎవరూ "వేసే" పని లేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే చెప్పింది. లేకపోతే రాత్రీ పగలూ బోర్లు పోస్తూ భూమిలో నీళ్ళు అడుగంటుతాయని. అంటే మోటారు మళ్ళీ మనిషే వేయాలి, మనిషే కట్టాలి.

జవాబు:
అన్నా, పోయింది, తీశారు అన్న తేడా నిజంగా బాగా పట్టుకున్నారు. ఎవరూ చేయనిదానికి పోవడం, ఎవరో చేసినదానికి తీయడం. జనం ఎవరిని అడగాలో ఆ క్రియలోనే ఉంది.

వంటింటి సంగతి కూడా చెప్పాలి, అది నాకు కొంచెం బాధ కలిగించే విషయం. రోట్లో దంచేవాళ్ళం, సన్నికల్లు మీద నూరేవాళ్ళం, రుబ్బురోట్లో రుబ్బేవాళ్ళం, తిరగలిలో విసిరేవాళ్ళం. ఒక్కో పనికి ఒక్కో క్రియ, ఒక్కోదానికి ఒక్కో రుచి. ఇప్పుడు అన్నిటికీ "మిక్సీ పట్టు" ఒక్కటే. ఈ పట్టడం పిండి మర నుంచి వచ్చింది, పిండి పట్టించుకు రమ్మంటాం కదా. మాట చక్కగానే అతికింది. అయితే యూట్యూబ్‌లో గోంగూర పచ్చడి చేసే ఆవిడ "మరీ మెత్తగా కాకుండా, దంచినట్టు రావాలి, ఆపి ఆపి తిప్పండి" అని అన్ని మాటల్లో చెప్పాల్సి వస్తోంది. ఆడవాళ్ళ రెక్కల కష్టం తగ్గింది, అది ఎంతో మంచిది, రోలు మళ్ళీ రావాలని నేను కోరుకోను. కానీ దంచు, నూరు అన్న మాటలు పిల్లలకు వినిపిస్తూ ఉండాలి.

అనువాదాలు చేసే ఒకరు:
నేను ఇంటి వస్తువుల మాన్యువళ్ళు తెలుగు చేస్తుంటాను. "ఉపకరణాన్ని ఆఫ్ స్థితిలో ఉంచవలెను", "నిష్క్రియం చేయండి" అని రాయకపోతే వెనక్కి పంపుతారు. "తీసెయ్యండి" అని రాస్తే అది మాట్లాడే భాష, రాసే భాష కాదంటారు. ఏం చేయమంటారు?

జవాబు:
పోట్లాడమంటాను అండీ. మాన్యువల్ చదివేది పండితుడు కాదు, కొత్తగా వాషింగ్ మెషీన్ కొన్న ఇంటావిడ. 2018లో గూగుల్ అసిస్టెంట్‌కి తెలుగు వచ్చింది. పెద్దవాళ్ళు ఇప్పుడు ఫోనుతో నోటితోనే మాట్లాడుతున్నారు. వాళ్ళు "నిష్క్రియం చేయి" అనరు, "కట్టెయ్యి" అంటారు, "బంద్ చెయ్యి" అంటారు. యంత్రానికి ఈ మాటలు నేర్పాల్సింది మీలాంటివాళ్ళే. మీరు రాయకపోతే దానికి ఎక్కడ దొరుకుతాయి?

ముందు గ్యాస్ స్టవ్వు కాగితంతో మొదలుపెట్టండి, ప్రాణాలతో పని కాబట్టి ఎవరూ కాదనలేరు. "ఉపయోగంలో లేని సమయమున రెగ్యులేటరును ఆఫ్ స్థితిలో ఉంచవలెను" అన్న చోట "రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టెయ్యండి. గ్యాస్ వాసన వస్తే లైటు వేయకండి, వెలుగుతున్న లైటు తీయకండి. కిటికీలు, తలుపులు తెరవండి" అని రాసి పంపండి. రెండూ పక్కపక్కన పెట్టి, ఏది ఒక్కసారి చదవగానే అర్థమైందో వాళ్ళ ఆఫీసులో నలుగురిని అడగమనండి.