మొక్కుకున్న కొవ్వొత్తి డబ్బు పేదవాడికి ఇస్తే మొక్కు తీరినట్టేనా?

కొండదారి (చర్చ మొదలుపెట్టినవారు)

మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లె. తాతల నాటి నుంచీ ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) కుటుంబం. నిరుడు వానాకాలంలో మా అక్క కొడుక్కి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ఐసీయూ బయట బల్ల మీద కూర్చుని మా అమ్మ విజయవాడ గుణదల కొండ మీది మరియమాతకు మొక్కుకుంది. పిల్లవాడు బతికి బయటపడితే వాడంత ఎత్తు కొవ్వొత్తి వెలిగిస్తానని, కొండ మీద వాడి తలనీలాలు ఇప్పిస్తానని. వాడు బతికాడు. ఫిబ్రవరి తిరునాళ్లు దగ్గర పడ్డాయి.

కూర్చుని లెక్క వేశాను. కొవ్వొత్తి, కొబ్బరికాయలు, పదకొండు మందికి రానుపోను, భోజనాలు అన్నీ కలిపి ఆరు వేలు దాటుతోంది. మా వీధి చివర ఒక ఆటో డ్రైవరు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నాడు. చికిత్స ప్రభుత్వ పథకంలో ఉచితమే గానీ మందులు, దారి ఖర్చులు చేతి నుంచే పెట్టుకోవాలి. తను తోలిన ఆటో అమ్ముకుని, ఇప్పుడు ఇంకొకరి ఆటోలో ఆసుపత్రికి వెళ్తున్నాడు. ఆ ఆరు వేలు అతనికి ఇద్దాం, అదే మొక్కు అనుకో అన్నాను. అమ్మ రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. మాట్లాడినా "అన్నం పెట్టాను" వరకే.

ఆకలిగొన్నవాడికి పెట్టింది నాకు పెట్టినట్టే అని క్రీస్తు మత్తయి 25లో చెప్పాక, కరిగిపోయే మైనం మీద అంత ఖర్చు ఎందుకు? నేను అడిగిన దాంట్లో తప్పేమిటో చెప్పండి.

బెరయ పాఠకుడు

నేను లూథరన్ని, అంటే ప్రొటెస్టెంటుని, ముందే చెప్పేస్తున్నాను. మీరు అడిగింది తప్పు కాదు, సగం దూరంలో ఆగిపోయారు, అంతే. దేవునికీ మనుషులకూ మధ్యవర్తి ఒక్కడే అని మొదటి తిమోతి 2:5 చెబుతుంటే మరియమ్మకు మొక్కడం దగ్గరే దారి తప్పింది. కొబ్బరికాయ, తలనీలాలు ఎక్కడి నుంచి వచ్చాయో మనందరికీ తెలుసు.

ఇంకొకటి. మార్కు 7వ అధ్యాయం తీయండి. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది "కొర్బాను", అంటే దేవునికి అర్పితం, అని చెప్పి చేతులు దులుపుకున్నవాళ్లను యేసు గట్టిగా మందలించాడు. దేవుని పేరు చెప్పి మనిషికి అందవలసింది ఆపకూడదని దాని అర్థం. మీ ఆటో డ్రైవరు విషయం అచ్చంగా అదే.

యాభైమూడు పూసలు

ముప్పై ఏళ్లు ఉపదేశిగా, అంటే ఊళ్లో మతబోధ చెప్పేవాడిగా, పనిచేసి ఇప్పుడు ఇంటి పట్టున ఉన్నాను. తీరిక ఉంది కాబట్టి నిదానంగా రాస్తాను, ఓపిక ఉన్నవారు చదవండి.

బెరయ పాఠకుడు గారూ, తలనీలాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసన్నారు. అపొస్తలుల కార్యములు 18:18 చూశారా? మొక్కుబడి ఉన్నందున పౌలు కెంక్రేయలో తల వెంట్రుకలు కత్తిరించుకున్నాడు. సంఖ్యాకాండము 6లో నాజీరు మొక్కు (కొంతకాలం దేవునికి ప్రత్యేకించుకునే మొక్కు) ముగిసినప్పుడు జుట్టు తీసి బలిపీఠం నిప్పులో వేస్తారు. కొబ్బరికాయ మాత్రం మన నేల అలవాటే, ఒప్పుకుంటాను. అయితే ఏమైంది? 1969లో భారతదేశంలో గుడిలో జరిగే దివ్యపూజకు రోము అనుమతించిన పన్నెండు మార్పుల్లో హారతి ఉంది, కొవ్వొత్తి బదులు నూనె దీపం కూడా ఉంది. మైనం యూరపు నుంచి వచ్చింది కాబట్టి క్రైస్తవం, కొబ్బరికాయ కోనసీమ నుంచి వచ్చింది కాబట్టి అన్యం అనడానికి నాకు నోరు రాదు.

మరియమాత సంగతి. మా పల్లెల్లో అక్షరం రాని ముసలమ్మ కూడా రోజుకు యాభైమూడుసార్లు చెప్పే జపం "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని మొదలై "మా కొరకు ప్రార్థించండి" అని ముగుస్తుంది. వందనం అన్నారు, ఆరాధన అనలేదు. ఇవ్వండి అనలేదు, ప్రార్థించండి అన్నారు. 787లో బిషప్పులు కూడిన రెండవ నికేయ మహాసభ తేల్చిన ఆ తేడా ఆ ముసలమ్మ నోట్లో ఉంది.

ఇక కొండదారి గారి ప్రశ్న. శ్రీసభ (కాథలిక్ సంఘం) చట్టం దీనికి జవాబు ఎప్పుడో రాసిపెట్టింది, మనమే చదవం. 1983 చట్టంలో 1191వ నియమం ప్రకారం మొక్కు అంటే దేవునికి చేసిన వాగ్దానం. మాత పేరున చేసినా ఇచ్చేది దేవునికే. 1193 ప్రకారం అది మొక్కుకున్న మనిషినే కట్టేస్తుంది. అంటే మీ మేనల్లుడి జుట్టు వాడిదే. వాడు వద్దంటే మీ అమ్మగారికి దోషం లేదు. 1197 మీకు కావలసినది. మొక్కుకున్న పనిని అంతకంటే మంచి పనిగా, లేదా దానికి సమానమైన పనిగా మొక్కుకున్నవారు స్వయంగా మార్చుకోవచ్చు. తక్కువ దానిగా మార్చాలంటేనే విచారణ గురువు (ఊరి చర్చి ఫాదరు) లాంటి అధికారం ఉన్నవారి దగ్గరికి వెళ్లాలి.

కొండదారి

ఉపదేశి గారూ, ధన్యవాదాలు. అంటే డయాలసిస్ రోగికి సాయం కొవ్వొత్తి కంటే మంచి పనే కాబట్టి మార్చేయవచ్చు. చర్చ ముగిసినట్టే కదా?

యాభైమూడు పూసలు

"మొక్కుకున్నవారు స్వయంగా" అని రాశాను. ఐసీయూ బయట బల్ల మీద కూర్చుంది మీరు కాదు.

చల్లని నీడ

నేను పేదలకు సాయం చేసే విన్సెంట్ డి పాల్ సంఘం సభ్యుడిని. 1833లో పారిస్‌లో ఫ్రెడెరిక్ ఓజానామ్ అనే ఇరవై ఏళ్ల విద్యార్థి నలుగురైదుగురు స్నేహితులతో మొదలుపెట్టిన సంఘం ఇది. మాది చిన్న కాన్ఫరెన్సు, అంటే స్థానిక శాఖ, తొమ్మిది మందిమి. వారం వారం కలుస్తాం, సమావేశం చివర ఒక గుడ్డసంచి తిరుగుతుంది. ఎవరు ఎంత వేశారో ఎవరికీ తెలియదు, పిడికిలి మూసి లోపల పెట్టి తీస్తాం. తరవాత ఇద్దరిద్దరుగా ఇళ్లకు వెళ్తాం. డబ్బు చేతిలో పెట్టి వచ్చేయడం కాదు, కూర్చోవాలి. కూర్చుంటేనే తెలుస్తుంది మందుల చీటీలో ఏది కొన్నారు, ఏది వదిలేశారు అన్నది.

నేను కొండదారి గారి వైపే. ఒక పుణ్యక్షేత్రంలో, పేరు అనవసరం, పండగ రోజున స్వచ్ఛంద సేవకు వెళ్లాను. నాకు అప్పగించిన పని కొవ్వొత్తులు ఆర్పడం. భక్తులు వెలిగించి దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరగగానే తీసి నీళ్ల డ్రమ్ములో ముంచాలి, లేకపోతే వెనకవాళ్లకు చోటు ఉండదు. సాయంత్రానికి నా మోచేతుల దాకా మైనం పేరుకుంది. నాలుగడుగుల కొవ్వొత్తి ఒకటి అంగుళం కూడా కాలలేదు. అది తెచ్చిన ఆవిడ మెట్ల మీద కూర్చుని ఇంకా కళ్లు మూసుకునే ఉంది. ఆవిడ కళ్లు తెరిచేలోపు తీసేయమన్నారు, తీసేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బయట చలిలో వణుకుతున్న క్రీస్తును వదిలేసి లోపల పట్టుబట్టలతో గౌరవించకండి అని పునీత క్రిసోస్తం 4వ శతాబ్దంలోనే మొత్తుకున్నాడు. ఆయన అల్లాటప్పా మనిషి కాదు, తరవాత కాన్‌స్టాంటినోపుల్ పీఠాధిపతి అయ్యాడు.

తులసికోట

మాది హిందూ కుటుంబం. అయినా ప్రతి ఫిబ్రవరి గుణదల వెళ్తాం, మా అత్తగారి కాలం నుంచీ. కొండెక్కుతూ సిలువ మార్గం బొమ్మల దగ్గర ఆగుతాం, కథ మొత్తం తెలియకపోయినా. ఇవన్నీ చదివాక ఒకటే అనిపించింది. మీ అమ్మగారికి ఈ ఆనందం ఏడాదికి ఒక్కసారి. మీకు ఆరు వేలు అంత బరువా?

నాలుగో మెట్టు

కొన్ని రోజులుగా చదువుతున్నాను, రాయకూడదనే అనుకున్నాను.

నేను నర్సుని. మాల కుటుంబంలో పుట్టాను, మఠకన్యల హాస్టల్లో చదివాను. నా పలక, నా గౌను, నా నర్సింగ్ ఫీజు అన్నీ ఎవరో ఇచ్చినవే. ఇచ్చినవాళ్లకు నేను రుణపడే ఉంటాను. గుంటూరులో పని నేర్చుకుంటున్నప్పుడు సిస్టర్ మేరీ గ్లౌరీ గురించి విన్నాను. ఆస్ట్రేలియాలో డాక్టరు చదివి, 1920లో గుంటూరు వచ్చి, జేఎంజే (జీసస్ మేరీ జోసెఫ్) మఠకన్యల సభలో చేరి, మఠకన్య వైద్యం చేయడానికి పోపుగారి ప్రత్యేక అనుమతితో పనిచేసిన మనిషి. 1943లో కాథలిక్ ఆసుపత్రుల సంఘం మొదలుపెట్టింది ఆవిడే. కాబట్టి సేవ విలువ నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కానీ ఇక్కడ అందరూ "పేదలకు ఇవ్వండి" అంటున్నప్పుడు, ఆ పేదలు ఎక్కడో వీధి చివర ఉన్నట్టు మాట్లాడుతున్నారు. తిరునాళ్లలో కొండెక్కేది ఎవరనుకుంటున్నారు? మా అమ్మ లాంటివాళ్లు. మా అమ్మ జీవితమంతా పుచ్చుకున్న చెయ్యే. పాలపొడి పుచ్చుకుంది, గోధుమలు పుచ్చుకుంది, పుచ్చుకున్నందుకు ఊళ్లో మాటలు పడింది. ఏడాదికి ఒక్కసారి, కొండ మీద, ఆమె ఇచ్చే మనిషి. రవిక లోపల దాచుకున్న చిన్న సంచి తీసి, అయిదు రూపాయల బిళ్లలు లెక్కపెట్టి కొవ్వొత్తి కొనేటప్పుడు ఆమె మొహం చూడాలి. బేరం ఆడదు. కూరగాయల దగ్గర అర్ధరూపాయి వదలని మనిషి!

ఆ డబ్బు తీసి ఇంకో మంచి పనికి వాడదాం అని చదువుకున్న కొడుకులు, కూతుళ్లు చెప్పినప్పుడు ఆమె దగ్గర మిగిలిన ఆ ఒక్క ఇవ్వడాన్నీ మనం మన లెక్కల్లో కలిపేసుకుంటున్నాం. బేతనియలో ఒక స్త్రీ యేసు మీద ఖరీదైన అత్తరు పోసినప్పుడు మూడు వందల దేనారాలకు అమ్మి పేదలకు ఇవ్వవచ్చు కదా అన్నది ఎవరో కూడా గుర్తు చేసుకోండి.

చల్లని నీడ గారూ, మీరు కొవ్వొత్తి ఆర్పినందుకు నిద్ర పట్టలేదన్నారు. అందుకే మీ మీద నాకు గౌరవం.

బెరయ పాఠకుడు

ఆ అత్తరు మాట అన్న యూదా పేరు ఎత్తితే చర్చలో అందరి నోళ్లూ మూతపడతాయి, అది మంచి పద్ధతి కాదు. యేసు అక్కడ ఇచ్చిన జవాబు "పేదలు ఎప్పుడూ మీతో ఉంటారు" అన్నది ద్వితీయోపదేశకాండము 15:11లో సగం మాత్రమే. మిగతా సగం "కాబట్టి నీ చెయ్యి చాపు" అన్న ఆజ్ఞ. యేసుకూ, విన్నవాళ్లకూ ఆ రెండో సగం కంఠతా వచ్చు.

అయినా మీ మిగతా మాటకు నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ కూడా కానుక డబ్బాలో వేసే నోటును ఇస్త్రీ చేసి తెస్తుంది.

చల్లని నీడ

నాలుగో మెట్టు గారూ, నేను ఎప్పుడూ ఆలోచించని వైపు అది. మేం వెళ్లే ఇళ్లలో ఒక పెద్దావిడ ఉంది. వెళ్లిన ప్రతిసారీ మాకు టీ ఇవ్వాలని పట్టుబడుతుంది, మేం వద్దని వస్తున్నాం, పాలు ఆదా అవుతాయని. వచ్చే వారం తాగుతాను.

కానీ కొండదారి గారి అమ్మగారి ఖర్చు కొవ్వొత్తి ఒక్కటే కాదు కదా. ఆరు వేలలో మొక్కు ఎంత, తిరునాళ్ల సరదా ఎంత?

యాభైమూడు పూసలు

అసలు ప్రశ్న అదే, ఇంతసేపూ ఎవరూ అడగలేదు. నేను కూడా. మొక్కులో ఉన్నవి రెండే: కొవ్వొత్తి, తలనీలాలు. పదకొండు మంది, భోజనాలు, చివరికి కొబ్బరికాయలు కూడా ఎవరు మొక్కుకున్నారు?

ఇంకొక మాట. ఫిబ్రవరి 11 లూర్దుమాత పండగ, గుణదల తిరునాళ్లు దానికే. 1993 నుంచి అదే రోజు ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం కూడా. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో మాత కనిపించింది పాడుబడిన జైలు గదిలో కాపురమున్న, మిల్లు పోగొట్టుకుని కూలికి దిగినవాడి బిడ్డకు. ఆ బెర్నదెత్త పెద్దయ్యాక నెవేర్ మఠంలో రోగుల గదిలో పనిచేసింది. గుహ దగ్గర కొవ్వొత్తి పట్టుకున్న చేతులూ అవే, రోగుల గదిలో గిన్నెలు ఎత్తిన చేతులూ అవే. మనం మాత్రం ఇక్కడ రెండు జట్లుగా విడిపోయాం.

కొండదారి

నిన్న రాత్రి అమ్మ పక్కన కూర్చుని మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. కొర్బాను దగ్గర "నాకు తెలుసులే" అంది. కొవ్వొత్తులు నీళ్లలో ముంచిన చోట "ఆర్పితే ఆర్పుకోనీ, నేను వెలిగించింది వెలిగించిందే" అంది. నాలుగో మెట్టు గారు రాసింది రెండుసార్లు చదివించుకుంది.

తరవాత లేచి వెళ్లి బియ్యం డబ్బా వెనక నుంచి ఒక రుమాలు మూట తెచ్చింది. పద్నాలుగు వందల ఎనభై. పెరుగు అమ్మిన డబ్బు, వానాకాలం నుంచీ పక్కన పెడుతోందట. "కొవ్వొత్తి దీంతో కొంటాను. నీ లెక్కలో నా డబ్బు ఎక్కడుంది?" అని అడిగింది. నా ఆరు వేలలో అది అసలు లేదు. ఖర్చంతా నా జీతంలోంచే అనుకున్నాను. "ఆటో అబ్బాయికి నీ జీతంలోంచి ఇవ్వు. నేను వద్దన్నానా? ఈ నెల ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దు" అంది. పదకొండు మందిని నలుగురు చేయడానికి మాత్రం సులువుగానే ఒప్పుకుంది. మా బాబాయి వాళ్లకు ఆ కబురు నేనే చెప్పాలట.

మేనల్లుడికి 1193వ నియమం చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. పౌలు గుండు చేయించుకున్నాడా అని అడిగి, బడి వార్షికోత్సవం అయ్యాక, వేసవి సెలవుల్లో అయితే సరే అన్నాడు. కాబట్టి ఫిబ్రవరిలో కొవ్వొత్తి, మే నెలలో తలనీలాలు. రెండుసార్లు కొండ ఎక్కాలి, అమ్మ మోకాళ్లతో.

ఉపదేశి గారికి ఒక సందేహం మిగిలింది. మొక్కుకున్నప్పటికీ ఇప్పటికీ వాడు రెండు అంగుళాలు పెరిగాడు. కొవ్వొత్తి ఏ ఎత్తుది కొనాలి?

యాభైమూడు పూసలు

చట్టంలో లేదు. అమ్మగారు ఏమంటున్నారు?

కొండదారి

ఇప్పటి ఎత్తే అంటోంది. పొద్దున వాడిని గోడకు నిలబెట్టి పెన్సిలు గీత గీసింది. చెప్పులు విప్పించి మరీ.