పది మంది ట్రిబ్యూన్లలో ఒక్కరు కాదంటే చాలా? టైబీరియస్ గ్రాకస్ దగ్గర ఆగిపోయాను

అడిగింది: రాత్రిచదువు

మూడు వారాలుగా రోమ్ గణతంత్రం గురించి చదువుతున్నాను. క్రీ.పూ. 133 దగ్గర ఆగిపోయాను, పేజీ తిప్పబుద్ధి కావడం లేదు.

ఆ ఏడు టైబీరియస్ గ్రాకస్ ప్లెబియన్ల, అంటే సామాన్య పౌరుల, తరఫున నిలబడే ట్రిబ్యూన్. ప్రభుత్వ భూమిని పెద్ద కుటుంబాలు కలిపేసుకుని బానిసలతో సాగు చేయిస్తున్నాయి. యుద్ధాలు చేసి తిరిగొచ్చిన రైతుకేమో నిలబడటానికి నేల లేదు. ఎవరి దగ్గరా 500 యూగెరాలకు, అంటే సుమారు 310 ఎకరాలకు మించి ప్రభుత్వ భూమి ఉండకూడదన్న పాత పరిమితినే ఆయన మళ్లీ ముందుకు తెచ్చాడు. కొడుకులున్నవాళ్లకు ఇంకొంత వదిలాడు కూడా. జనం ఆయన వెంటే ఉన్నారు. అయినా మార్కస్ ఆక్టేవియస్ అనే తోటి ట్రిబ్యూన్ అడ్డు చెప్పగానే అంతా ఆగిపోయింది.

పది మందిలో ఒక్కడి మాటకు అంత బలం ఎక్కడిది? టైబీరియస్ చివరికి ఓటు పెట్టి అతన్ని పదవి నుంచి తీయించాడు. అది తప్పా? నాకు తప్పనిపించడం లేదు. కానీ తప్పు కాదని గట్టిగా అనలేకపోతున్నాను.

జవాబు: పాతరాయి

మీ మొదటి ప్రశ్నలోనే రెండోదానికి సగం జవాబుందండీ. ఈ పదవి ఎలా పుట్టిందో చూడండి. సంప్రదాయం ప్రకారం క్రీ.పూ. 494లో అప్పులతో నలిగిపోయిన ప్లెబియన్లు ఊరు వదిలి పవిత్ర కొండ మీద కూర్చున్నారు. దిగి రావడానికి వాళ్లు అడిగి తెచ్చుకున్నదే ట్రిబ్యూన్ పదవి. దానికి సైన్యం లేదు, రోమ్‌లో అన్నిటికంటే పెద్ద అధికారి అయిన కాన్సుల్‌కు ఉన్నట్టు కట్టెల మోపులు పట్టుకుని ముందు నడిచే భటులు లేరు. ఉన్నదల్లా ఒక ప్రమాణం: ట్రిబ్యూన్ మీద చెయ్యి వేసినవాణ్ని మేం బతకనివ్వం అని.

అధికారి ఒక పేదవాణ్ని ఈడ్చుకుపోతుంటే ట్రిబ్యూన్ మధ్యకు వచ్చి నిలబడాలి. వీటో అని మనం ఇప్పుడు అంటున్నదానికి వాళ్లు వాడిన మాటకు అర్థమే ‘మధ్యకు రావడం’. అందుకే ట్రిబ్యూన్ ఇంటి తలుపు రాత్రీ పగలూ తెరిచి ఉండాలి, ఊరి బయట రాత్రి గడపకూడదు. అలాంటప్పుడు మిగతా తొమ్మిది మందినీ పిలిచి లెక్క తేల్చేలోపు ఆ పేదవాడు ఏమైపోతాడు? అందుకే ఒక్కరు చాలు. ఇద్దరు కాన్సుల్స్‌లో కూడా ఒకరు చేసేదాన్ని రెండోవారు ఆపగలరు. రోమ్‌లో చేస్తాననేవాడి కంటే వద్దనేవాడిదే పైచేయి.

ఆక్టేవియస్ ఆ తలుపును లోపలి నుంచి గడియపెట్టాడు. అతనికీ ప్రభుత్వ భూమి బాగానే ఉందని తర్వాతి కాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. నీకు వచ్చే నష్టం నా సొమ్ముతో కట్టిస్తానని టైబీరియస్ అన్నాడట. అతను ఒప్పుకోలేదు. దాంతో టైబీరియస్ ఖజానా ఉన్న శాటర్న్ గుడికి సీలు వేశాడు, ఓటు తేలేదాకా అధికారులెవరూ పని చేయకూడదన్నాడు. తర్వాతే ఆ తొలగింపు ఓటు.

ఇక్కడ తొందరపడకుండా చదవండి. ఓట్లు తలల లెక్కన కాదు, తెగలనే పౌరుల విభాగాల లెక్కన, తెగకో ఓటు. మొత్తం 35. పదిహేడు తెగలు తీసేయమన్నాయి, ఇంకొక్కటి పడితే అయిపోయినట్టే. టైబీరియస్ ఓటింగ్ ఆపి, అందరూ చూస్తుండగా ఆక్టేవియస్‌ను కౌగిలించుకుని బతిమాలాడు. ఇద్దరూ అంతకుముందు స్నేహితులే. ఆక్టేవియస్ కళ్లలో నీళ్లు తిరిగాయి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గుంపుగా నిలబడ్డ భూస్వాముల వైపు చూసి, నీ ఇష్టమొచ్చింది చెయ్యి అన్నాడు.

నా లెక్కలో టైబీరియస్ చట్టం న్యాయమైనది, ఆ ఓటు మాత్రం తప్పు. ఇష్టం లేని ట్రిబ్యూన్‌ను తీసేయవచ్చని ఒకసారి ఒప్పుకుంటే, రేపు పేదవాడి పక్షాన నిలబడ్డ ట్రిబ్యూన్‌నూ తీసేస్తారు.

జవాబు: ఏడుకొండలరోమ్

నేను ఒప్పుకోనండీ. టైబీరియస్ వాదన మీరు చెప్పనేలేదు. ప్రజలకు అంకితమైనవాడు కాబట్టే ట్రిబ్యూన్ పవిత్రుడు. ప్రజల ఓటు హక్కునే తీసేస్తే ఆ పవిత్రతను తనంతట తానే వదులుకున్నట్టు. రాజునే వెళ్లగొట్టిన ఊరు అది, ట్రిబ్యూన్‌ను దించకూడదా? పదవి ఏడాదే కదా, ఓపిక పట్టాల్సిందని కొందరంటారు. మరుసటి ఏడు ఇంకో ఆక్టేవియస్ దొరకడా? పది మందిలో ఒక్కణ్ని తమవైపు తిప్పుకోవడం పెద్ద కుటుంబాల సభ అయిన సెనేట్ పెద్దలకు ఏమంత కష్టం?

జవాబు: గుడిమెట్లు

ఇదే ఘట్టం 66 ఏళ్ల తర్వాత మళ్లీ జరిగింది. క్రీ.పూ. 67లో సముద్రపు దొంగల మీద యుద్ధానికి సేనాపతి పాంపేకు భారీ అధికారాలు ఇవ్వాలని ట్రిబ్యూన్ గాబీనియస్ చట్టం తెచ్చాడు. ట్రెబెల్లియస్ అనే ట్రిబ్యూన్ అడ్డుపడ్డాడు. గాబీనియస్ వెంటనే తొలగింపు ఓటు పెట్టాడు. మళ్లీ సరిగ్గా పదిహేడు తెగలు తీసేయమన్నాయి! పద్దెనిమిదోది ఓటు వేయకముందే ట్రెబెల్లియస్ తగ్గాడు. ఈసారి భూమి లేని రైతు కోసం కాదు, ఒక సేనాపతి కోసం. పాతరాయి గారు భయపడింది ఇదే అనుకుంటాను.

తిరిగి: రాత్రిచదువు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఆ భాగం మళ్లీ చదివాను. ఓటు అయిపోగానే ఆక్టేవియస్‌ను వేదిక మీద నుంచి ఈడ్చేశారు, జనం అతని మీద పడ్డారు. అడ్డంగా నిలబడ్డ అతని సేవకుడి కళ్లు పీకేశారు. టైబీరియస్ గొడవ ఆపడానికి పరుగెత్తాడు, ఆలస్యమైంది. మొదటిసారి చదివినప్పుడు ఆ సేవకుణ్ని నేను గమనించనే లేదు. అతనికి పేరు కూడా రాయలేదు.

కొన్ని నెలలకే టైబీరియస్ రెండోసారి ట్రిబ్యూన్ ఎన్నికకు నిలబడితే సెనేటర్లు విరిగిన బల్లల కాళ్లు పట్టుకుని వచ్చారు. ట్రిబ్యూన్‌నే కొట్టి చంపారు, ఆయనతో పాటు 300 మందికి పైగా. శవాలను రాత్రిపూట టైబర్ నదిలో పడేశారు. తమ్ముడు గైయస్ అన్న శవాన్ని అడిగితే ఇవ్వలేదు.

ఏడుకొండలరోమ్ గారూ, నేను ఇప్పటికీ మీ వైపే. కానీ ఆ పదిహేడో ఓటు దగ్గర ఆగిన టైబీరియస్‌కు ఏదో తెలుసనిపిస్తోంది. రేపు గైయస్ దగ్గరికి వెళ్తాను.