శనగ చేలపై కిందుగా తిరిగే గద్దలు ఏవి? కోడిపిల్లలను ఎత్తుకుపోయేవి ఇవేనా?

ప్రశ్న: నందికొట్కూరు దగ్గరి రైతు

అందరికీ నమస్కారం. మేము నాలుగెకరాల నల్లరేగడిలో శనగ వేశాము. దీపావళి దాటినప్పటి నుంచి ప్రతిరోజూ ఉదయం, మళ్లీ పొద్దువాలే వేళ, మూడు నాలుగు గద్దలు మనిషెత్తున, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగి, ఒక సాలు వెంబడి పోయి మరొక సాలు వెంబడి వస్తూ చేనంతా గాలిస్తున్నాయి. వాటిలో ఒకటి బూడిద రంగులో ఉంది, దాని రెక్కల చివరలు మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. మిగిలినవి గోధుమ రంగువి, తోక మొదట్లో తెల్లని పట్టీ స్పష్టంగా కనిపిస్తుంది. తేలేటప్పుడు రెక్కలను సమంగా చాపకుండా కొంచెం పైకెత్తి ఉంచుతాయి.

ఈ నెలలోనే మా పెరట్లో పదకొండు కోడిపిల్లల్లో ఆరు మాయమయ్యాయి. ఇవే ఎత్తుకుపోతున్నాయని, చచ్చిన కోడికి గుళికల మందు పట్టించి గట్టు మీద పెడతానని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. నాకు మనసొప్పడం లేదు. ఇవి ఏ పక్షులో, దోషం నిజంగా వీటిదేనో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: కర్నూలు నుంచి ఒక ఉపాధ్యాయుడు

అన్నా, ముందుగా ఆ మందును ఇంట్లో నుంచి తీసివేయించండి. మీరు వర్ణించినవి పిల్లి గద్దలు. బూడిద రంగుది మగది, తెల్లపట్టీ ఉన్న గోధుమ రంగువి ఆడవి లేదా ఈ ఏడాది పిల్లలు. కజకిస్తాన్ వైపు గడ్డి మైదానాలలో గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, అక్కడ చలి ముదిరే లోపు మన మెట్ట పొలాలకు వచ్చి, మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరిగి వెళ్లిపోతాయి. మీ చేను వాటికి చలికాలపు మేత బీడు.

చూడడానికి పెద్దగా అనిపించినా ఇవి అరకిలో కూడా తూగవు. పొడవైన రెక్కలు, సన్నని కాళ్లు, తేలికైన ఒళ్లు కలిగిన ఈ పక్షి పెరట్లో తల్లికోడిని ఎదిరించి పిల్లను లాక్కుపోయే రకం కాదు. ముఖం చుట్టూ గుడ్లగూబకు ఉన్నట్టు ఈకలు పళ్లెంలా అమరి ఉంటాయి, అందువల్ల గడ్డిలో మిడత కదిలిన సవ్వడి కూడా వాటి చెవికి చేరుతుంది. అంత కిందుగా, నెమ్మదిగా ఎగరడానికి కారణం అదే. ఎలుకలను, తొండలను, చిన్న పిట్టలను కూడా పడతాయి కానీ మన ప్రాంతంలో వాటి ముఖ్యమైన తిండి మిడతలే.

మీకు దగ్గరలోనే ఉన్న రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పాటు చేశారు. పిల్లి గద్దలు రాత్రిపూట గుంపులుగా చేరే చోటుగా కూడా ఆ గడ్డిభూమికి పేరుంది. మిగతా గద్దల్లాగా ఇవి చెట్టెక్కి నిద్రపోవు, గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. సూర్యాస్తమయ వేళ ఒక్కొక్కటిగా వచ్చి, గడ్డిపై రెండు మూడు చుట్లు తిరిగి దిగే దృశ్యాన్ని ఒకసారి చూసిన మనిషి వాటికి మందు పెట్టలేడని నా నమ్మకం. మీ పొలం దగ్గర గడ్డి బీడు ఉంటే, ఉదయం అవి లేచిపోయిన తరువాత వెళ్లి వెతకండి. అరగని తిండిని అవి ఉండలుగా కక్కుతాయి. ఒకటి విప్పి చూస్తే మీ తమ్ముడికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

జవాబు 2: కడప నుంచి

కోడిపిల్లలను ఎత్తుకుపోయేది ఎక్కువగా తోక చివర చీలి ఉండే ఊరి గద్ద, లేదా జాలె డేగ. జాలె డేగ పావురమంత ఉంటుంది, పెద్దదైతే కన్ను ఎర్రగా ఉంటుంది. వేపచెట్టు ఆకుల్లో దాక్కొని కూర్చొని, కోడి ఏమరుపాటుగా ఉన్న క్షణంలో దూసుకువస్తుంది. మా అమ్మ పిల్లలకు నెల నిండే వరకు గంప కింద మూసి, గింజలు వేసేటప్పుడు మాత్రం తాను పక్కనే కూర్చునేది. మీరు పెరటి మీద పాత చేపల వల కట్టినా చాలు. పిల్లులను, ముంగిసలను కూడా అనుమానించండి, పిల్లులు ఎక్కువగా రాత్రిపూట, ముంగిసలు పగటిపూట వస్తాయి.

జవాబు 3: అనంతపురం నుంచి

విషం పెట్టిన మాంసం గద్దతో ఆగదు, కుక్కలు, కాకులు కూడా చస్తాయి. అదీగాక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పక్షులను చంపడం నేరం. శనగకు కొట్టే మందు విషయంలో కూడా జాగ్రత్త వహించమని కోరుతున్నాను. 1995-96లో అర్జెంటీనాలో మిడతల కోసం మోనోక్రోటోఫాస్ చల్లిన పొలాల్లో, ఉత్తర అమెరికా నుంచి వలస వచ్చిన స్వైన్సన్ డేగలు వేల సంఖ్యలో నేల రాలాయి. మందు తగిలిన మిడతను తినడమే అందుకు ప్రధాన కారణం. మీ చేలో మిడతలను ఏరుతున్న పక్షికి మనమే ఆ గతి పట్టించకూడదు.

ప్రశ్న అడిగిన రైతు

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం తమ్ముణ్ణి వెంటబెట్టుకొని చేనికి ఉత్తరాన ఉన్న గడ్డి బీడులోకి వెళ్లాను. ఒక చోట గడ్డి ఒరిగి గుండ్రంగా అణిగి ఉంది, పక్కనే తెల్లని రెట్ట, బొటనవేలంత ఉండలు రెండు కనిపించాయి. ఒకదాన్ని అరచేతిలో వేసి పుల్లతో విప్పితే, రంపపు పళ్ల లాంటి ముళ్లున్న మిడత కాళ్లు, మెరిసే రెక్కల ముక్కలు, ఒక చిన్న ఎలుక దవడ ఉన్నాయి. కోడిపిల్ల ఈక ఒక్కటీ లేదు. తమ్ముడు రెండో ఉండను జేబురుమాలులో మూటగట్టుకొని ఇంట్లో పిల్లలకు చూపిస్తానన్నాడు. మిగిలిన ఐదు కోడిపిల్లలు ఇప్పుడు గంప కింద ఉన్నాయి. ఆ బీడులో గడ్డి ఈ వారమే కోయాలనుకున్నాము గానీ, అవి వెళ్లిపోయే ఉగాది దాకా ఆపుతున్నాము.