శ్రీశైలం దారిలో ఆరింటికల్లా మన్ననూరు గేటు దగ్గర ఉండాలా?

ఎల్బీనగర్ వాసి:
వానలు తగ్గాక, కార్తీక రద్దీ మొదలయ్యేలోపు అమ్మానాన్నలతో కారులో శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నాం. దర్శనంతో పాటు నల్లమలను నింపాదిగా చూడాలన్నది నాన్నగారి కోరిక. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను ఆపేస్తారు కాబట్టి, మూడింటికే బయలుదేరి గేటు ఎత్తగానే అడవిలోకి వెళ్లమని కొందరు, ఎనిమిది దాటాక వెళ్తే చాలని మరికొందరు చెబుతున్నారు. ఏది మేలంటారు?

దిండి బాటసారి:
ఆరింటికే వెళ్లండి. ఆ మంచు, ఆ పక్షుల కూతలు తొమ్మిదింటికి దొరకవు. అదృష్టం బాగుంటే దుప్పులు కూడా కనిపిస్తాయి.

నల్లమల అభిమాని:
బాటసారి గారితో నేను ఏకీభవించలేను. ఐదున్నర నుంచే అక్కడ కార్లు, బస్సులు బారులు తీరుతాయి. గేటు లేచిన మరుక్షణం, అంతసేపు ఆగిన విసుగంతా తీర్చుకుంటున్నట్లు ఒకరినొకరు దాటుకుంటూ దూసుకుపోతారు. అక్టోబరులో ఆ వేళకు పూర్తిగా వెలుతురు కూడా రాదు. రాత్రంతా ఖాళీగా ఉన్న రోడ్డు మీదికి, రోడ్డు అంచులకు అలవాటుగా వచ్చిన దుప్పులు, అడవి పందులు ఇంకా లోపలికి మళ్లని సమయం అది. రాత్రి నిషేధం పెట్టిందే అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోని జంతువుల కోసమైనప్పుడు, అది ముగిసిన తొలి అరగంటలోనే వాటి మీదికి వాహనాల వరదను వదలడం ఏం న్యాయం? పైగా మూడింటికి లేచిన డ్రైవరు ఘాట్ మలుపుల దగ్గరకు వచ్చేసరికి కునుకుపాట్లు పడుతుంటాడు.

ఎనిమిదిన్నరకు వెళ్తే వటవర్లపల్లి దగ్గర టీ తాగవచ్చు, దోమలపెంట దగ్గరి ఆక్టోపస్ వ్యూపాయింట్‌లో కొండలను ఒరుసుకుంటూ మెలికలు తిరిగే కృష్ణను తీరిగ్గా చూడవచ్చు. ఫరహాబాద్ వైపు అడవి చూడాలంటే అటవీశాఖ సఫారీ ఉంది. మల్లెలతీర్థం జలపాతం మాత్రం పెద్దవాళ్లతో వద్దు, మెట్లు దిగడం కన్నా ఎక్కడం కష్టం.

ఒక్క మనవి: కోతులకు ఏమీ విసరకండి. ముందు కారు అద్దం దిగుతుంది, కవరుతో సహా బిస్కెట్లు రోడ్డు మధ్యలో పడతాయి, పిల్లను పొట్టకు కరుచుకున్న తల్లికోతి వాటి కోసం పరుగెడుతుంది, వెనుక వచ్చే బస్సుకు బ్రేకు వేసే వ్యవధి ఉండదు.

దిండి బాటసారి:
జంతువుల మాట ఒప్పుకుంటాను. కానీ ఎనిమిదిన్నరకు అడవిలోకి వెళ్లి, అన్నిచోట్లా ఆగి, దర్శనం చేసుకుని, రాత్రి తొమ్మిదిలోపు మళ్లీ మన్ననూరు దాటాలంటే అది విహారం కాదు, పరుగు పందెం.

నల్లమల అభిమాని:
ఒక్కరోజు ప్రయాణమైతే మీ అభ్యంతరం సరైనదే. అందుకే ముందురోజు సాయంత్రం మన్ననూరులోని అటవీశాఖ కాటేజీల్లోనో, లేదా వెళ్లిన రోజు రాత్రి శ్రీశైలంలోనో బస చేయమంటాను. పెద్దవాళ్లకూ అదే సుఖం.

దిండి బాటసారి:
బస ఉంటే నాకూ అభ్యంతరం లేదు. అయితే శనివారం, ఆదివారం, సోమవారం తప్పించండి; మంగళ, బుధవారాల్లో గది దొరకడమూ తేలికే.